రాని పడవల లెక్క

సోల్‌ఫ్రిడ్‌కి లెక్కలంటే చిన్నప్పటినుంచీ చలిజ్వరం. మా పేపర్లో ముప్ఫై ఏళ్ళుగా మునిసిపాలిటీ వార్తలు రాస్తున్నా, బడ్జెట్ రోజున మాత్రం ఎవరివో అంత్యక్రియలకి వెళ్ళాలని తప్పించుకునేది. ఈ పడమటి తీరంలో అన్ని చావులుండవని మా ఎడిటర్ హాల్వర్‌కీ తెలుసు, పేజీలు కూర్చే నాకూ తెలుసు. వార్త నికార్సుగా తెస్తుంది కదా అని ఊరుకునేవాళ్ళం.

ఆమె పుట్టింది రావ్నెయ దీవిలో. అక్కడికి కారైనా, డాక్టరైనా, బడిపంతులైనా ఫెర్రీ పడవ ఎక్కే రావాలి. ఒక ఏడాది ఆ ఫెర్రీ కంపెనీకి ఇంకో పదేళ్ళు కాంట్రాక్టు ఇవ్వాలని జిల్లా కౌన్సిల్ తలపెట్టింది. తమ పడవలు నూటికి తొంభై ఏడు సమయానికే నడుస్తున్నాయని కంపెనీ కాగితం పంపితే, సోల్‌ఫ్రిడ్ ఉన్నదున్నట్టు రాసిచ్చింది. నేనూ మొదటి పేజీలో పెద్దక్షరాలతో పెట్టాను.

మర్నాడు దీవిలో ఆమెకి జరిగిన మర్యాద ఇంతా అంతా కాదు. ముసలి జాలరి టోర్లైఫ్ రేవులో అందరి ముందూ అడిగాడు.

"అమ్మాయ్, ఆ తొంభై ఏడు ఏ రేవునుంచి బయల్దేరతాయో చెప్పు. మేమూ అక్కడికే వచ్చి ఎక్కుతాం."

అక్కడ నవ్వేసింది గానీ ఆఫీసుకొచ్చి ఏడ్చింది. సొంత ఊరే తన రాత నమ్మకపోతే ఇక రాయడం ఎందుకు? పైగా కాంట్రాక్టు ఖాయమైతే, ఈ పడవలతో వేగలేక పిల్లలున్న ఇళ్ళన్నీ దీవి వదిలి వెళ్ళిపోతాయి.

హాల్వర్ ఓదార్చే రకం కాదు. బెర్గెన్‌లో విలేకరులకి అంకెల్లోంచి వార్త పట్టే డేటా శిక్షణ ఇస్తున్నారని తెలిసి ఆమె పేరు రాయించాడు.

"అంత్యక్రియలేమైనా ఉంటే ముందే చెప్పు, వాయిదా వేయిస్తాను" అన్నాడు.

అక్కడ పాఠం చెప్పినామెది సోల్‌ఫ్రిడ్ కూతురి వయసు. మొదటిరోజు మనావిడకి పట్టికలో నిలువేదో అడ్డమేదో తెలియలేదట. తర్వాత ఆ పిల్ల, పట్టికలో ఉన్నదాని సంగతి తర్వాత, ముందు లేనిదేమిటో అడగండి అందట. ఆ ఒక్క మాటా సోల్‌ఫ్రిడ్‌కి వంటబట్టింది. మీటింగుకి ఎవరు రాలేదో చూసే కదా ఆమె ఇన్నేళ్ళూ వార్తలు పట్టింది.

మా దేశంలో ప్రభుత్వ కాగితం ఎవరడిగినా ఇవ్వాలి. కంపెనీ లెక్క చూపిన మూడు నెలల్లో పడవలు బయల్దేరిన వేళలన్నీ జిల్లా ఆఫీసునుంచి తెప్పించి, టైంటేబుల్ పక్కన పెట్టి సరిపోల్చింది. టైంటేబుల్లో ఉన్న పడవల్లో చాలావాటికి ఆ వేళల్లో జాడే లేదు. రద్దయిన పడవని కంపెనీ అసలు లెక్కలోకే తీసుకోలేదు. ఆలస్యంగా నడపడంకంటే మానేయడమే వాళ్ళకి మేలన్నమాట. నాకు ఒళ్ళు మండింది. అవి కూడా కలిపితే, సమయానికి నడిచినవి నూటికి డెబ్భై ఎనిమిదే.

హాల్వర్ కళ్ళజోడు సవరించుకుని, "ఈస్టర్ వారం తీసేశావా?" అన్నాడు.

ఆ వారం సెలవులకి ఊరంతా కొండల మీది కర్ర ఇళ్ళల్లో ఉంటుంది, పడవలు సగమే తిరుగుతాయి, టైంటేబులే వేరు. ఆమె ఆ సంగతి మరచి, ఆ వారం టైంటేబుల్లోనే లేని పడవలని కూడా రానివాటిలో వేసేసింది. మొహం మాడ్చుకుని మళ్ళీ మొదటినుంచీ చేసింది. ఈసారి ఎనభై రెండు తేలింది. హాల్వర్ విడిగా లెక్కకట్టినా అంతే వచ్చింది. అప్పుడు పట్టికతో సహా అచ్చేశాం, నమ్మనివాళ్ళు సరిచూసుకోవచ్చని.

కౌన్సిల్ మీటింగునాడు వెనక బెంచీల నిండా దీవి జనం. కంపెనీ లాయరు లేవగానే ఈస్టర్ సంగతి ఎత్తాడు. అది తీసేసే లెక్కకట్టారని అధ్యక్షురాలు పేపరు చూపించింది. ఆయన కాగితాలు తిరగేసి ఇంకో దారి పట్టాడు.

"రద్దయిన పడవ ఆలస్యమైనట్టు ఎలా అవుతుందండీ? అది అసలు బయల్దేరనే లేదు కదా."

తాటిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసం అన్నట్టుంది. కంపెనీని వెనకేసుకొచ్చిన అధికార పక్షం వాళ్ళు కూడా తల దించుకున్నారు. కాంట్రాక్టుకి అనుకూలంగా ఒక్క చెయ్యీ లేవలేదు. మళ్ళీ టెండర్లు పిలవాలని, ఇకమీదట రాని పడవకే ఎక్కువ జరిమానా అని తీర్మానించారు. వెనక కదలిక చూసి, సభలో చప్పట్లు కొట్టకూడదని అధ్యక్షురాలు గుర్తుచేసింది.

టోర్లైఫ్ లేచాడు. "కాళ్ళ సంగతి నియమాల్లో ఉందా తల్లీ?"

లేదంది ఆమె.

ఆయన విలేకరుల బల్ల వైపు తిరిగి, సోల్‌ఫ్రిడ్‌ని చూస్తూ, బూటుకాలు నేలకేసి కొట్టాడు. పక్కవాడు కొట్టాడు, ఆ పక్కామె కొట్టింది, తర్వాత ఊరు ఊరంతా కొట్టింది. సోల్‌ఫ్రిడ్ కలం పక్కన పెట్టి, సొంత ఊరివాళ్ళందరి ముందూ సిగ్గుపడకుండా ఏడ్చేసింది.