ఎవరిదీ కాని రాయి

పోయినేడు మా డిగ్రీ కాలేజీలో టెలిస్కోపు తీసిన ఆకాశం ఫొటోలు వెతుకుతుంటే, నక్షత్రాలన్నీ ఉన్నచోటే ఉండగా ఒక్క చుక్క మాత్రం ఫొటో ఫొటోకూ కాస్త జరిగి కనిపించింది. అది కుజుడికీ గురుడికీ నడుమ తిరిగే కొత్త గ్రహశకలమేనని ఈ రోజు మెయిల్ వచ్చింది.

సాయంత్రం కొల్లాపూర్‌లో ఇంటికి రాగానే అవ్వకు చెప్పాను. బతుకంతా గొర్రెలు కాసిన మనిషి. మురిసిపోతుందనుకుంటే అనుమానంగా చూసింది.

“చుట్టుపక్కల మందలోళ్లను అడిగిండ్రా బిడ్డా? ఎవలదన్న తప్పిపోయి వచ్చిందేమో.”

మందలో కొత్త గొర్రె కనబడితే నలుగురినీ అడగందే మనదనుకోకూడదు, అది ఆమె పద్ధతి. నాకు నవ్వొచ్చింది. కానీ ఇన్నాళ్లూ జరిగిందీ అదే. ఇంతకుముందు ఎవరైనా చూశారేమోనని పాత ఫొటోలన్నీ వెతికాకే శాస్త్రవేత్తలు కొత్తదని తేల్చారు.

“అడిగిండ్రవ్వా. ఎవ్వలది కాదట. భూమి పుట్టినప్పటి రాయి. నాలుగేండ్లకోపాలి సూర్యుని చుట్టు తిరిగొస్తది, తొవ్వ తప్పది.”

అవ్వ ఒళ్లోని గొర్రెపిల్లను కిందికి దించి చాలాసేపు ఆకాశం వైపు చూసింది.

“మరి గిన్నేండ్లు దాన్ని ఎవలు కాసిండ్రు?”

నేను చదివేది ఫిజిక్స్. సూర్యుడి ఆకర్షణ అన్న జవాబు తెలుసు. అయినా గొర్రెపిల్లను ఎత్తుకుని ఆమె పక్కన కూర్చున్నాను. మీరైతే ఆమెకు ఏం చెప్పేవారు?