అత్త తన చేత్తో నింపిన ఫారం

ఎదురింటి అత్త పోయిందన్న మాట పోయిన మంగళవారం పొద్దున ఆమె మరదలే మా వాకిట్లోకి వచ్చి చెప్పింది. "నిద్దర్లోనే పాయె పాపా. కాఫీ తీసకపోతే లేవలా" అంది. అత్తకు అరవై రెండేళ్ళు. సర్టిఫికేట్ ప్రకారం అరవై నాలుగు. ఆ రెండేళ్ళ తేడా చెప్పకుండా మీకు అత్త సంగతి చెప్పలేను.

ఆమె మాకు చుట్టం కాదు. చుట్టూ తమిళమే వినిపించే ఉప్పళంలో మా రెండిళ్ళ మధ్య ఒక స్కూటరు పట్టే సందు ఉంది. రెండిళ్ళలోనూ తెలుగే మాట్లాడుకుంటాం కాబట్టి అత్త అయింది. చిన్నప్పుడే ఆమెకు చూపు పోయింది. బళ్ళో చేర్చేటప్పుడు ఎవరో ఫారం నింపుతూ పుట్టిన ఏడాది రెండేళ్ళు వెనక్కి వేశారు. ఆ తప్పు సర్టిఫికేట్‌లోకి ఎక్కింది, అక్కడినుంచి ఉద్యోగంలోకి ఎక్కింది. ముప్పై ఏళ్ళకు పైగా ఒక ఆఫీసులో టెలిఫోన్ ఆపరేటరుగా చేసిన మనిషిని చివరికి రెండేళ్ళు ముందే ఇంటికి పంపింది. "నా ఫారాలన్నీ ఊరోళ్ళే నింపినారు. నేను ఎప్పుడు పుట్టిందీ వాళ్ళే చెప్పినారు" అనేది నవ్వుతూ. కోపం లేదనుకోకండి, చాలా ఉండేది.

ఆ ఇంట్లో ఒక ఆచారం ఉంది. ఎవరు కుర్చీ జరిపినా, చెంబు ఒక చోటు నుంచి ఇంకో చోటికి మార్చినా పైకి చెప్పాలి. "కుర్చీ జరిపినాను" అంటే అత్త ఎక్కడున్నా "సరి, విన్నా" అనేది. పాలవాడు కూడా చెప్పేవాడు. చెప్పనివాళ్ళకు ఆ పూట కాఫీ లేదు. ఆ ఇంట్లో ఆమె కర్ర పట్టుకోవడం నేను ఎన్నడూ చూడలేదు.

నాలుగేళ్ళ క్రితం నేను ఒక చిన్న కంపెనీలో వెబ్‌సైట్లు తయారుచేసేదాన్ని. ఒక కాలేజీ వాళ్ళ దూరవిద్య అడ్మిషన్ల సైటు మాకు వచ్చింది. చూపు లేనివాళ్ళు, చెవులు వినపడనివాళ్ళు, చెయ్యి సరిగా ఆడనివాళ్ళు కూడా సైటు వాడుకోగలగాలని కొన్ని ప్రమాణాలున్నాయి. ఇంగ్లీషు అక్షరం 'ఏ'తో వాటికి మూడు మెట్లు: ఒక ఏ, రెండు ఏలు, మూడు ఏలు. కాలేజీ వాళ్ళు రెండు ఏలు ఉండాలన్నారు. తప్పులు పట్టే ప్రోగ్రాం ఒకటి మా దగ్గర ఉండేది. ప్రతి బొమ్మకూ వివరం రాయమని అది అడిగితే అన్నిటికీ ఇంగ్లీషులో 'బొమ్మ' అని రాశాను. ఫారంలో ప్రతి గడికీ పేరు పెట్టమంటే అన్నిటికీ 'ఇక్కడ టైప్ చేయండి' అని పెట్టాను. తప్పులు సున్నా అంది. పేజీ అడుగున రెండు ఏల గుర్తు అతికించాను. ఆ గుర్తు ఎవరో వచ్చి పరీక్షించి ఇచ్చేది కాదు, మనకు మనమే పెట్టుకునేది. నేనే పరీక్ష రాసి, నేనే దిద్దుకుని, నేనే మార్కులేసుకున్నాను.

సరిగ్గా అప్పుడే రిటైరైన అత్తకు చరిత్రలో బీఏ చదవాలని బుద్ధి పుట్టింది. తెర మీద ఉన్నది ఇంగ్లీషులో చదివి వినిపించే కంప్యూటరు ఆమెకు ఉండేది. మా సైటులోనే దరఖాస్తు పెడుతుందని తెలిసి గొప్ప చూపించుకుందామని వెళ్ళి పక్కన కూర్చున్నాను.

మిషను మొదలుపెట్టింది. బొమ్మ. బొమ్మ. బొమ్మ. ఇక్కడ టైప్ చేయండి. ఇక్కడ టైప్ చేయండి.

"ఏంది పాపా ఇది? యాడ టైప్ చేసేది? ఇది పేరా, ఊరా?" అంది అత్త. నేను గడి తర్వాత గడి చెప్పుకుంటూ పోయాను. చివర వంకర అక్షరాల బొమ్మ ఒకటి ఉంది. నింపేది మనిషో యంత్రమో తేల్చుకోడానికి పెట్టింది. దాన్ని చదివి వినిపించడం మిషను వల్ల కాదు.

"నేను మనిషినే అంటే నమ్మదా ఇది?"

"ఉండత్తా, నేను కొట్టేస్తా" అని చెయ్యి చాపాను. ఆమె నా మణికట్టు పట్టుకుంది.

"నువ్వు కొడితే ఇది ఇంకొకరు నింపిన ఫారమే గదా. నాకొద్దు."

గడువు ఇంకా పది రోజులుంది. అడుగున ఆ రెండు ఏలు ఎవరిచ్చారని అడిగింది. మెట్ల సంగతి, నేను చేసిన ఘనకార్యం, అన్నీ చెప్పేశాను.

"ఒక ఏ అంటే వాకిలి తెరిచిపెట్టేది" అంది అత్త. "రెండంటే, వచ్చినోళ్ళు ఒకరి చెయ్యి పట్టుకోకుండా వంటింటి దాకా పోగలిగేది. మూడంటే ఇల్లంతా అదే మర్యాద. అది అన్ని ఇండ్లల్లో కుదరదులే, కుదిరిన కాడ చెయ్యాల. నువ్వేం చేసినావో తెలుసునా? వాకిలి బొమ్మ గీసి గోడకు తగిలించినావు."

తల కొట్టేసినట్టయింది. మర్నాడు మా మేనేజరుతో చెబితే, "ఒక్కరి కోసమా?" అన్నాడు. "మనకు తెలిసింది ఒక్కరు సార్, తెలియనివాళ్ళు ఎందరో" అన్నాను. గొణుక్కుంటూనే మూడు రోజులిచ్చాడు. ప్రతి గడికీ దాని పేరు పెట్టాను, ప్రతి బొమ్మకూ అందులో ఏముందో రాశాను, వంకర అక్షరాలు తీసేశాను.

అత్త మళ్ళీ కూర్చుంది. ఒక్కో గడిని రెండుసార్లు విని నిదానంగా నింపుతూ పోయింది. ఇరవై నిమిషాలు దాటగానే పేజీ దానంతటదే మూసుకుపోయి రాసినదంతా తుడిచిపెట్టుకుపోయింది. నేను ఎప్పుడు నింపినా నాలుగు నిమిషాల్లో అయిపోయేది, అందుకే ఆ గడువు ఒకటుందని నాకే గుర్తు లేదు.

అత్త ఒళ్ళో చేతులు పెట్టుకుని, "కుర్చీ జరిపినావు. చెప్పలా" అంది.

ఆ మాట నాకు ఈనాటికీ గుచ్చుకుంటుంది. టైము అయిపోతోందని ముందుగా చెప్పి, ఇంకా కావాలా అని అడిగేలా మార్చేసరికి ఆఖరి రోజు వచ్చేసింది. ఆ రోజు నేను చేతులు వీపు వెనక కట్టుకుని నిలబడ్డాను. పుట్టిన ఏడాది గడి దగ్గర ఆమె వేళ్ళు ఆగాయి. సర్టిఫికేట్‌లో ఉన్నదే వేయాలి కదా.

"ఇన్నాళ్ళకు ఈ తప్పు కూడా నేనే వేస్తా ఉండా" అని పకపకా నవ్వి, వేసింది. తర్వాత నా వైపు తిరిగి, "నీ చేతులు యాడ ఉండాయి?" అంది.

"వీపు వెనకత్తా."

"సరి" అని ఆఖరి మీట తానే నొక్కింది. మిషను చదివిన దరఖాస్తు నంబరు చాలా నెలలు ఆమె నోట ఆడింది. పరీక్షలు మాత్రం వేరొకరి చేత రాయించాల్సి వచ్చింది. అది ఆమెకు ఏమాత్రం నచ్చలేదు. అయినా మూడేళ్ళలో పాసయింది.

ఇప్పుడు ఏ సైటు చేసినా నేను తెర ఆపేసి మొదట చెవులతో వింటాను. తప్పులు సున్నా అని ప్రోగ్రాం చెప్పినా నమ్మను. నా చేతిలోని ఈ విద్య అత్త పెట్టిన భిక్ష. ఈ మాట ఆమె ఉండగా ఒక్కసారీ చెప్పలేదు. చెప్పి ఉంటే "సుమ్మా ఉండు పాపా" అని నా నోరు మూయించేదేమో, అయినా చెప్పవలసింది.

నిన్న వాళ్ళింటికి వెళ్ళాను. పరామర్శకు వచ్చినవాళ్ళ కోసం వేసిన ప్లాస్టిక్ కుర్చీలు ఇంకా హాల్లోనే ఉన్నాయి. ఒకటి వంటింటి దారికి అడ్డంగా ఉంటే గోడ పక్కకు లాగాను. అలవాటైన నోరు ఊరుకోదు కదా.

"కుర్చీ జరిపినాను అత్తా" అన్నాను.

వంటింట్లోంచి ఆమె మరదలి గొంతు వచ్చింది.

"సరి, విన్నా."