కొబ్బరినీళ్లు తాగిన గేరు కేబుల్

పడవను వెనక్కి మళ్లించడానికి బావ గేరు లీవరు వెనక్కి లాగాడు. అది ఏ పట్టూ లేకుండా తేలిగ్గా వచ్చేసింది. ఇంజిన్ మాత్రం పడవను ముందుకే తోస్తోంది. గండిపేట చెరువు గట్టు రాళ్లు మీదికొస్తున్నాయి. నేను ఇంజిన్ ఆపేలోపే పడవ ముక్కు రాయికి కొట్టుకుని చీలింది.

ఎవరికీ దెబ్బ తగల్లేదు. గట్టు మీద గొడుగు కింది నుంచి సినిమా ప్రొడక్షన్ మేనేజరు లేచి వచ్చాడు.

"సోమవారం హీరో వస్తున్నారండీ. ఈలోగా బాగవకపోతే ముంబై నుంచి వేరే పడవ తెప్పిస్తాం."

అది పాతకాలపు తెరచాప పడవ. గాలి లేనప్పుడు నడవడానికి చిన్న డీజిల్ ఇంజిన్ ఉండేది. దాన్ని సినిమాలకు అద్దెకిచ్చి అక్కా బావా బతుకుతున్నారు. పత్రికాఫీసుకు సెలవు దొరికిన రోజున నేను సాయం వెళ్లేవాణ్ణి. ఫిల్మ్ నగర్‌లో వాళ్లు పడవ నిలిపే ఖాళీ స్థలాన్ని యజమాని ఏదో సాఫ్ట్‌వేర్ కంపెనీకి ఇవ్వాలని చూస్తున్నాడు. ఈ సినిమా పోతే పడవ అమ్ముకోవడమే.

పడవను ట్రాలీ మీద తెచ్చి, లీవరు నుంచి ఇంజిన్ దాకా వెళ్లే గేరు కేబుల్‌ను ఊడదీశాం. తొడుగు లోపలి తీగ తుప్పుపట్టి తెగిపోయింది. ఏటా నూనె పట్టిస్తూనే ఉన్నాం. మరి తుప్పంతా లీవరు దగ్గరే ఎందుకుంది? బావ లీవరు కింది సందులో వేలు పెట్టి చూశాడు.

ప్రతి సినిమాకూ మొదటి రోజు కొబ్బరికాయ కొట్టేవాళ్లు. కారుకైతే చక్రం ముందు కొడతారు. పడవకు చక్రమేది? లీవరు బిగించిన ఇనుప పెట్టె మీద కొట్టేవాళ్లు. ఆ నీళ్లు సందులోంచి కేబుల్‌లోకి దిగేవి.

"మనమే పోశాం బామ్మర్దీ," అన్నాడు బావ.

మర్నాడు మోతీనగర్‌లో విడిభాగాల దుకాణానికి వెళ్లాం. యజమాని తెగిన తీగను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"పడవదా? గీ ఊర్ల నల్లా నీళ్లే సక్కగ రావు, పడవ ఏడ నడుపుతున్నరు సార్?"

బావ నవ్వలేదు. ఆటో క్లచ్ కేబుల్ చూపించి, ఇది పనికొస్తుందా అన్నాడు.

"గిది గుంజుతది గంతే, ముందుకు నూకది. మీ గేరుకు రెండూ కావాలె గద."

కొచ్చిలో ఒక వ్యాపారి దగ్గర లాగడానికీ తోయడానికీ పనికొచ్చే కేబుల్ ఉందని ఫోన్లో తెలిసింది. పార్సిల్ వేయమన్నాం. బావ చీలిన చెక్కకు అతుకు వేశాడు. సోమవారం పొద్దునకూ కేబుల్ రాలేదు. బావ మేనేజరు ఆఫీసుకు వెళ్లి, కూర్చోకుండానే బతిమాలాడు.

"మా బామ్మర్ది ఇంజిన్ పక్కనే ఉంటాడండీ. నేను కేకేస్తే చేత్తో గేరు మారుస్తాడు."

"హీరోని ఎక్కించి కేకల మీద నడుపుతారా? మీకో దండం!"

ముందే చెప్పి ఉంచిన ముంబై పడవే వచ్చింది. ఆ తర్వాత చేరిన కొత్త కేబుల్‌ను మేమిద్దరం బిగించాం. ట్రాలీ మీదున్న పడవలో లీవరు ఎటు తోస్తే గేరు అటు పడుతోంది. స్థలం ఎప్పుడు ఖాళీ చేస్తారని యజమాని అడిగినప్పుడల్లా బావ వచ్చే నెల అంటున్నాడు. పడవ కొనేవాడు ఇంకా దొరకలేదు.