సంచుల గది బాబాయ్

నాకొక జబ్బుంది. ఎక్కడ ఏ పని కాస్త వంకరగా జరుగుతున్నా చూస్తూ ఊరుకోలేను. ఇరవయ్యేళ్ళుగా ఆఫీసులో ఫైళ్ళకి నంబర్లు వేసీ వేసీ ఆ అలవాటు ఒంటికి పట్టేసింది. వంటింట్లో డబ్బాలకి కూడా చీటీలు అంటిస్తానని మా అక్క ఎగతాళి చేస్తుంది. ఎగతాళే అయినా అబద్ధం కాదు. ఆ జబ్బుతో ఒక మంచి మనిషికి నేను చేసిన అన్యాయం ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను.

ఆ ఏడు రెండు నెలలు సెలవు పెట్టి, వీపున ఒక సంచి తగిలించుకుని ఒక్కదాన్నే బయల్దేరాను. నలభై దాటాక ఇదేం వేషమని అక్క ఒంటికాలి మీద లేచింది. నేను వినలేదు. బస్సు ఎక్కడ నచ్చితే అక్కడ దిగుతూ, తిరిగి తిరిగి ఆ నది ఒడ్డు ఊరికి చేరాను. ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చి, ఆ నదిలో మునిగి, తడిబట్టలతోనే మెట్ల మీద కూర్చుని కళ్ళు మూసుకుంటారు. తమకేం కావాలో మనసులో చెప్పుకుని లేచి వెళ్ళిపోతారు. నాకు దేవుడితో పెద్దగా మాటామంతీ లేదు. రెండు రోజులుండి పోదామనుకున్నదాన్ని ఇరవై మూడు రోజులున్నాను. దానికి కారణం సంచుల గది బాబాయ్.

నదిలోకి దిగే మెట్ల పైన ఒక పొడవాటి గది ఉండేది. మూడు గోడలకీ ఇనప అరలు. గుమ్మానికి అడ్డంగా ఒక చెక్క బల్ల, చేతులు రాసుకుని రాసుకుని నున్నబడిపోయింది. నీళ్ళలోకి దిగేవాళ్ళు సంచులూ చెప్పులూ అక్కడ ఇచ్చి వెళ్ళాలి. ఆ ఒడ్డుని చూసుకునే సంస్థవాళ్ళు ఆయన్ని ఆ గదిలో కూర్చోబెట్టి అప్పటికి ముప్ఫై ఒక్క ఏళ్ళయింది. ఆయన దగ్గర పుస్తకం లేదు, నంబర్లు లేవు. సంచి ఇస్తే మన ముఖంలోకి రెండు ఊపిర్లు తీసేంతసేపు చూసి, తీసుకెళ్ళి అరలో పెడతాడు. మనం తిరిగి మెట్లెక్కుతుండగానే మన సంచి బల్ల మీద ఉంటుంది.

మొదటిరోజు నాకది పిచ్చిపనిలా అనిపించింది. చీటీ ఏదని అడిగాను.

"నీ ముఖమే చీటీ అమ్మాయ్. దాన్ని మాత్రం నీళ్ళలో పారేసుకోకు," అన్నాడు.

మొదటి మాటకే ఏకవచనం. నాకు చిర్రెత్తింది. ఏదైనా పోతే ఎవరిది పూచీ అని దబాయించి, సణుక్కుంటూ వెళ్ళాను. వచ్చేసరికి సంచి బల్ల మీద ఉంది, దాని పక్కనే ఒక టీ గ్లాసు. నా ఎడమ కనుబొమ్మలో ఉన్న చిన్న గీత చూసి, చిన్నప్పుడు ఊయల మీంచి పడ్డావా అని అడిగాడు. నిజంగానే పడ్డాను. ఇరవయ్యేళ్ళు నా ఎదురు బల్ల దగ్గర కూర్చున్నవాళ్ళెవరూ ఆ గీతని చూడలేదు. ఆ సాయంత్రానికే ఆయన నాకు బాబాయ్ అయిపోయాడు. ఆయన ఇంటి మేడ మీద ఖాళీగా ఉన్న గదిలోకి మకాం మార్చాను.

ఆయన భార్యని పిన్నీ అనేదాన్ని. ఆవిడ కూడా పొద్దస్తమానం ఆ గదిలోనే, అరల పక్కన పొట్టి పీట మీద కూర్చుని, తెగిపోయిన సంచుల పట్టీలని లావు సూదితో కుడుతుండేది. చేతికి ఎంత పనో నోటికీ అంత పని. ఎండ గురించి, వచ్చిపోయేవాళ్ళ చీరల గురించి, అరల మీది దుమ్ము గురించి గుక్క తిప్పుకోకుండా మాట్లాడేది. ఈయన చెవులకి కాస్త విశ్రాంతి ఉండదు పాపం అనుకునేదాన్ని.

కొందరు ఏటా వచ్చేవాళ్ళు. ఆయన వాళ్ళని చూడగానే నీ మోకాలు ఎలా ఉంది, మీ చిన్నదానికి పళ్ళు వచ్చాయా అని అడిగేవాడు. సంచి లేకపోయినా ఆ బల్ల దగ్గరికి వచ్చి నిలబడేవాళ్ళని చూశాను. ఒక లారీ డ్రైవరు చేతులూపుకుంటూ వచ్చి, ఏం పెట్టకుండానే ముఖం చూపించి వెళ్ళాడు. సొంత ఊరికి ఇంత దూరంలో తనని గుర్తుంచుకున్న మనిషి ఒకడున్నాడని చూసుకోవడానికి వస్తాడట. నేను కూడా రోజూ నదికని బయల్దేరి ఆ బల్ల దగ్గరే ఆగిపోయేదాన్ని.

పన్నెండో రోజో పదమూడో రోజో ఒక సంగతి గమనించాను. మధ్యాహ్నం దాటాక బాబాయ్ చెయ్యి అరల ముందు గాలిలో ఆగిపోతోంది. ఒక్క క్షణం అలా ఆగి, మళ్ళీ సరైన సంచి మీదికే వెళ్తోంది. ఆయన అలా ఆగినప్పుడల్లా పిన్ని ఏదో ఒకటి వాగుతూనే ఉండేది. ఆ బూడిదరంగు శాలువా ఆవిడ ఎండలో ఎంతసేపు నిలబడుతుంది పాపం, పై అరలో నల్లసంచి మీద ఎంత దుమ్ము పడిందో చూడండి, ఇలాంటివి. ఆ వాగుడికీ ఈ చేతికీ ఉన్న సంబంధం నాకు తట్టలేదు. ఫైళ్ళ మధ్య బతికినదానికి ఎక్కడ తడుతుంది?

తర్వాత పిన్నికి జ్వరం వచ్చి రెండు రోజులు ఇంట్లోనే పడుకుంది. మొదటిరోజు మధ్యాహ్నమే ఒక ముసలమ్మ సంచి ఎవరో పెద్దాయన చేతికి వెళ్ళిపోయింది. ఆవిడ గుండె మందులు అందులోనే ఉన్నాయి. ఆ పెద్దాయన చూసుకుని వెనక్కి తెచ్చేసరికి రెండు గంటలు పట్టింది. అంతసేపూ ముసలమ్మ మెట్ల మీద గుండె పట్టుకుని కూర్చుంది. సంస్థ సూపర్వైజరు వచ్చాడు. ఇంకొక్కసారి ఇలా జరిగితే గది వేరేవాళ్ళకి అప్పజెప్పాల్సి వస్తుందని మెల్లగానే చెప్పి వెళ్ళాడు.

బాబాయ్ అరల ముందు నేల మీద కూర్చున్నాడు. ఆయన్ని అంత చిన్నగా నేనెప్పుడూ చూడలేదు.

"ముఖం తెలుసమ్మాయ్. సంచే తెలీలేదు," అన్నాడు. అరలవైపు చూస్తూ, "ఈ గది లేకపోతే పొద్దున్న లేచి నేనెవర్ని చూడాలి?" అన్నాడు.

ఆ మాట విన్నాక నేను చేయాల్సిందల్లా ఇంటికెళ్ళి పిన్ని మంచం పక్కన కూర్చుని, ఏం చేద్దాం పిన్నీ అని అడగడం. అడగలేదు. ఆరిందాలా బజారుకెళ్ళి దళసరి అట్టలు, కత్తెర, దారం కొనుక్కొచ్చాను. మర్నాడు పొద్దున్నుంచి కూర్చుని రెండు వందల జతల చీటీలు చేశాను. ఒక నంబరు సంచికి కట్టాలి, అదే నంబరు మనిషి చేతికివ్వాలి. నా రాత గుండ్రంగా ఉంటుందని ఆఫీసులో పేరు. ఇంకా గుండ్రంగా రాశాను.

"బాబాయ్, ఇక నువ్వెవర్నీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు," అన్నాను. గొప్పగా అన్నాను. ఆ వాక్యం ఇప్పుడు తలుచుకుంటే నాలిక కోసేసుకోవాలనిపిస్తుంది.

ఆయన ఆ అట్టముక్కల్ని అటూ ఇటూ తిప్పి చాలాసేపు చూశాడు. చీటీ పోతే మనిషిని నమ్మాలా, వెనక్కి పంపాలా అని అడిగాడు. ఎవరి చీటీ వాళ్ళు జాగ్రత్త చేసుకుంటారులే అన్నాను. చదువుకున్నదానివి, నువ్వు చెప్పాక తప్పేముంటుంది అని ఒప్పుకున్నాడు. నా మీద ఇష్టంతో ఒప్పుకున్నాడు, అంతే.

మూడో రోజు పిన్ని వచ్చింది. సంచులకి వేలాడుతున్న చీటీల్ని చూసింది, తర్వాత నన్ను చూసింది. సూదిలోకి దారం ఎక్కించుకుంది. ఆ రోజంతా ఆవిడ నోరు మెదపలేదు. జ్వరం నీరసమనుకున్నాను.

ఆ తర్వాత ఒక్క పొరపాటూ జరగలేదు. వరస చకచకా కదిలింది. సూపర్వైజరు మురిసిపోయి, ఈ పద్ధతి ఒక కాగితం మీద రాసిపెట్టమన్నాడు. అడగడమే తరువాయి, శీర్షికలతో సహా రాసిచ్చాను. బాబాయ్ మాత్రం తలెత్తడం మానేశాడు. బల్ల మీదికి చెయ్యి వస్తుంది, చేతిలో చీటీ ఉంటుంది, చాలు. లారీ డ్రైవరు మళ్ళీ వచ్చి, వట్టి చేతులతో, నవ్వుతూ నిలబడ్డాడు. బాబాయ్ అతని చేతివైపు చూసి నంబరు చెప్పమన్నాడు. నేను పక్కనే ఉన్నాను. నవ్వాను కూడా.

బస్సెక్కించడానికి ఇద్దరూ వచ్చారు. మా ఊరికి తిరిగొచ్చాక నెల రోజులు ఆఫీసులో నా ఘనకార్యం గురించి కోతలు కోశాను. మూడుసార్లు ఫోన్ చేస్తే మూడుసార్లూ పిన్నే తీసి, బాగానే ఉన్నాం అంది. తర్వాత నాకూ తీరిక చిక్కలేదు.

మరుసటి ఏడు మళ్ళీ వెళ్ళాను. సంచుల గది గుమ్మానికి చెక్క బల్ల లేదు. అద్దం, దానికో కన్నం. లోపల ఎవరో నడివయసాయన ఫోన్ చూసుకుంటూ, తల తిప్పకుండానే కన్నంలోంచి చెయ్యి బయటికి పెట్టాడు. గోడ మీద నేను రాసిచ్చిన కాగితం, నా గుండ్రటి అక్షరాలతో, పటం కట్టి ఉంది.

పిన్ని ఇంటి ముందు పట్టీ కుడుతూ కనిపించింది. నన్ను చూసి లేచి, టీ పెడతానంటూనే జరిగింది చెప్పింది. నేను వెళ్ళిన మూడు నెలలకి సూపర్వైజరు వచ్చి, నంబర్లున్నాక ఎవరు కూర్చున్నా ఒకటే, పెద్దవాడివయ్యావు, విశ్రాంతి తీసుకో అన్నాడట. ఈయన ఎదురు చెప్పలేదు. ఆ రోజు పొద్దున్న పదకొండింటికే ఇంటికొచ్చేశాడు. కొన్నాళ్ళు వీధి మలుపులో నిలబడి వచ్చేపోయేవాళ్ళని చూశాడు. తర్వాత ఒక్కొక్కళ్ళే ఆయన్నుంచి జారిపోయారు. ముందు ఏటా వచ్చేవాళ్ళు, తర్వాత పక్కింటివాళ్ళు.

నన్నెందుకు తిట్టలేదని అడిగాను.

"తిట్టి ఏం చేసుకోనమ్మా? ప్రేమతోనే చేశావు," అంది పిన్ని. సూది పక్కన పెట్టింది. "ఆయన మతిమరుపు నాకు నాలుగేళ్ళుగా తెలుసు. నేనా గదిలో కూర్చున్నది పట్టీలు కుట్టడానికి కాదు. ముఖాలు ఆయన చూసేవారు, సంచులు నేను చూసేదాన్ని. అలా ఇంకో పదేళ్ళు గడిచిపోయేవి. నన్నొక్క మాట అడగాల్సింది."

ఆవిడ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

బాబాయ్ లోపల కిటికీ దగ్గర కుర్చీలో ఉన్నాడు. గడ్డం నున్నగా గీసి, చలువ చొక్కా వేసి ఉంచింది పిన్ని. నన్ను చూడగానే మర్యాదగా లేచాడు.

"రండి, కూర్చోండి," అన్నాడు.

బాబాయ్, నేను పోయినేడు మేడ మీద ఉన్నదాన్ని అన్నాను. అలాగా అని నవ్వాడు. ఎండ బాగా ఉందా అని అడిగాడు. తర్వాత ఆయన చూపు నా వీపు మీది సంచి దగ్గర ఆగింది.

"నదికి వెళ్తున్నారా? సామాను ఇక్కడ పెట్టి వెళ్ళండి. నేను చూస్తాను."

సంచి ఇచ్చాను. అందుకుని నా ముఖంలోకి చూశాడు. నేను కదలకుండా నిలబడ్డాను. ఇప్పుడు పిలుస్తాడు, ఇప్పుడు అమ్మాయ్ అంటాడు అనుకున్నాను. ఆయన తలూపి, సంచి తీసుకెళ్ళి మంచం కింద గోడవైపు జాగ్రత్తగా పెట్టాడు. నేను పెరట్లోకి పరుగెత్తాను. ఏడుపు ఆగేదాకా కుళాయి దగ్గర ముఖం కడుక్కుంటూనే ఉన్నాను.

పావుగంట తర్వాత లోపలికెళ్ళి, బాబాయ్, నా సంచి ఇస్తావా అని అడిగాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, మంచానికి అడ్డంగా వచ్చి నిలబడ్డాడు.

"అది ఒకావిడదండీ. నదికి వెళ్ళింది. చాలా బాధలో ఉంది పాపం."

ఆవిడ నేనే బాబాయ్ అన్నాను.

"ఏమనుకోకండి. ముఖం చూసి తీసుకున్నాను. ఆవిడకే ఇస్తాను," అన్నాడు.

ఆయన పడుకున్నాక తీసిస్తానని పిన్ని గుమ్మం దగ్గర గుసగుసగా అంది. వద్దన్నాను. ఫోనూ టికెట్టూ జేబులోనే ఉన్నాయి. వట్టి వీపుతో బస్సెక్కాను.

ఇది జరిగి ఎనిమిది నెలలయింది. సంచి ఇంకా మంచం కిందే ఉంది. పిన్ని పదిరోజులకోసారి ఫోన్ చేస్తుంది. ఆయన రోజూ పొద్దున్నే లేచి గుమ్మంలో కుర్చీ వేసుకుని, వీధిలో వెళ్ళే ప్రతి ఆడమనిషి ముఖంలోకీ చూస్తున్నాడట. ఆవిడ ఇంకా రాలేదేమని అడుగుతున్నాడట.