పసుపు రాసిన ఇంజను

మా మావ పోయాడు. పలాస స్టేషను బయట నేను పనిచేసే సైకిలు షాపు ముందుకి వచ్చి, నెత్తిమీద చేపల గంప దించకుండానే మా ఊరి ముసలామె ఒకామె ఆ మాట చెప్పింది. "మీ మావ ఎలిపోనాడ్రా బావూ. రాత్రి గుండెల్లో ఏటో నొప్పన్నాడంట, తెల్లారేతలికి అయిపోనాది. మీ అత్త నిన్ను రమ్మంది."

చేతుల గ్రీజు తుడుచుకోకుండానే బండెక్కాను. పూండిలో దిగి, జీడితోటల మధ్య ఇసుకదారిలో తూర్పుకి నడిచాను. ఏడుపు రాలేదు. కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియదు. దారి పొడుగునా ఒకటే ప్రశ్న తలలో తిరిగింది. ఈ పొద్దు ఆ ఇంజను చక్రాన్ని ఎవరు ఆడించారు? మనిషి పోయినప్పుడు ఇదేం ఆలోచన అని మీరనుకోవచ్చు. ఆ మనిషి మీకు తెలియదు గనక అనుకుంటారు. తెలియాలనే ఇది రాస్తున్నాను.

మావ మా అమ్మకి అన్న. మాది సముద్రంలో వేటాడి బతికే పల్లె. మావ మాత్రం మీసాలు రాకముందే ఓడెక్కి బర్మాలోని రంగం వెళ్లి, అక్కడి నది లాంచీల్లో ఇంజన్లకి నూనె పోసే పనిలో కుదిరాడు. యుద్ధం వచ్చి బాంబులు పడితే అడవులూ కొండలూ దాటి నడిచి వచ్చాడు. వచ్చినవాళ్లందరూ ఏదో ఒక మూట తెచ్చుకున్నారు. మావ ఒక పానా తెచ్చుకున్నాడు. అత్త జీవితాంతం దాని మీద నవ్వుతూనే ఉంది. "దారిలో తిండి నేకపోతే దీన్నే నాకీసినాడు కాబోలు, అందుకే అంత నున్నగా ఉంది" అనేది.

ఊళ్లో స్థిరపడ్డాక అతనికి ఒకటే పిచ్చి పట్టింది. పాతకాలపు పడవ ఇంజన్లు ఎక్కడ పడి ఉన్నాయంటే అక్కడికి పోయేవాడు. అవి ఒంటి సిలిండరు ఇంజన్లు. నడుమెత్తు ఇనుప దిమ్మ, లోపల ఒకే ఒక పిస్టను, పక్కన మనిషి ఎత్తలేని బరువు చక్రం. తలమీద ఇనుప గుండు ఒకటి ఉంటుంది. దాన్ని దీపం పెట్టి ఎర్రగా కాల్చి, చక్రాన్ని చేత్తో ఊపితే అది తిరుగుతుంది. మొదటిది టెక్కలి వైపు ఒక జమీందారు షికారు పడవది. జమీందారీలు పోయాక గొడ్లసావిట్లో పడి ఉంటే, దాని మీద కోళ్లు పొదుగుతున్నాయట. గుడ్లు పగిలి పిల్లలు బయటికొచ్చేదాకా ఆగి తెచ్చుకున్నాడు. రెండోది మూతపడిన రేవులో చిన్న లాంచీది. ఇంటిపక్క తాటాకుల పాకలో వాటిని దుంగల మీద బిగించి, ఏళ్లకేళ్లు పట్టి రెండింటినీ బతికించాడు. సాయంత్రం పూట ఒకదాన్ని తిప్పితే టక్, టక్ అని ఊరంతా వినపడేది. కుర్రాళ్లు మూగేవాళ్లు. ఇంజను మాత్రం ఎక్కడికీ వెళ్లేది కాదు.

అదే నాకు మంట. అప్పటికే నేను షాపులో ఖాళీ దొరికితే కరపత్రాలూ చిన్న చిన్న పుస్తకాలూ చదివి, కనపడ్డవాళ్లందరికీ చెప్పేవాణ్ణి. ఒకరోజు పాక గుమ్మంలో నిలబడి అడిగాను.

"దీనివల్ల ప్రజలకి ప్రయోజనమేటి మావా?"

"ప్రజలంటే ఎవుల్రా అల్లుడా?"

"అందరూ."

"ఆ అందరిలో నానున్నానా?"

"ఉన్నావు."

"మరైతే నాకు పనికొత్తాది. మిగిలినోల్లని నువ్వు ఒక్కొక్కల్నీ అడుక్కుంటా రా."

ఆ పాకలోకి సుత్తి రానిచ్చేవాడు కాదు. ఎవరైనా తెస్తే చెప్పుల్లాగ గుమ్మం బయట వదిలి రావాలి. తన సుత్తి కూడా బయటి గుంజకే వేలాడేది. "సుత్తి సేతిలో ఉంటే మనిసి ఆలోసన మానేత్తాడు" అనేవాడు. తుప్పుతో బిగిసిపోయిన పిస్టను మీద కానుగ నూనె పోసి ఊరనిచ్చేవాడు. రోజూ పొద్దున్నే చక్రం మీద రెండు చేతులూ వేసి కొద్దిగా ఒత్తేవాడు. కదలకపోతే తీసేసేవాడు. నేను భుజం ఆనించి తోయబోతే నా చెయ్యి పట్టుకునేవాడు. "అది వద్దన్నకాడ ఆగాల. రేపు ఇంకాస్త ఒప్పుకుంతాది." వద్దన్న చోట ఆగడం నా పుస్తకాల్లో ఎక్కడా లేదు. పళ్లు కొరుక్కుంటూ ఆగేవాణ్ణి.

రెండేళ్ల కిందట మా బావ, అంటే మావకి ఒక్కగానొక్క కొడుకు, తెప్ప మీద వేటకి వెళ్లాడు. తిరిగొచ్చే వేళకి పడమటి గాలి లేచింది. ఊరంతా ఒడ్డున నిలబడి చూస్తుండగానే తెప్ప ఒడ్డుకి రావలసింది పోయి తూర్పుకి జరిగిపోవడం మొదలెట్టింది. గాలికి ఎదురు మనిషి ఎంతసేపని తెడ్డు వేస్తాడు? తెడ్డు ఎత్తడం కనిపించింది, తర్వాత నల్లటి చుక్క కనిపించింది, తర్వాత ఏమీ లేదు. పాకలో నడిచే ఇంజన్లు రెండున్నాయి. కెరటాలు దాటి పెద్ద పడవని లాక్కుపోయే శక్తి ఆ రెండింటికీ లేదు. మావ ఒకసారి సముద్రం వైపు, ఒకసారి పాక వైపు చూశాడు. నేను చూడకూడనిది చూసినట్టు తల తిప్పుకున్నాను.

బావ కర్మ అయ్యాక మావ నౌపడ వెళ్లాడు. అక్కడ ఉప్పు మోసే లాంచీ ఒకటి ఎప్పుడో తుపానులో మునిగి కాలువ బురదలో కూరుకుపోయి ఉంది. ఉప్పుమళ్ల కూలీలు తాళ్లు వేసి దాని ఇంజను పైకి లాగి ఇచ్చారు. మిగతా రెండింటికంటే చాలా పెద్దది. ఎడ్లబండి మీద వస్తుంటే ఊరు అడ్డం నిలబడింది. "సచ్చిన లాంచీ గుండెకాయ తెచ్చి ఊళ్లో పెడతావేటి?" అన్నారు. మావ బండిని ఊరి బయటే ఆపేశాడు. గంగమ్మ పండగనాడు అందరూ తమ పడవలకి పసుపు రాస్తుంటే, తను ఆ ఇంజను చక్రానికి రెండు అరచేతులతో మందంగా పసుపు పట్టించి, బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టాడు. "ఇది కూడా పడవే. దీనికీ గంగమ్మే దిక్కు" అన్నాడు. ఊరు తప్పుకుంది.

నాకు ఒళ్లు మండింది. "ఇనుముకి పసుపేటి మావా, సిగ్గునేదా?"

"ఇనుముకి కాదురా. ఊరికి రాసినాను."

ఆ రాత్రి అన్నం దగ్గర ఒక మాట అన్నాడు. "ఇది తిరిగితే పాకలో ఉంచను. నీళ్లలోకి దిగుతాది. గాలి ఎటు ఈసినా మనిసి ఇంటికి రావాల." నా కరపత్రాలన్నీ కలిపినా అంత సూటిగా చెప్పలేదు.

వానాకాలాలు పోయాయి, చలికాలాలు పోయాయి. ఆ పిస్టను ఉప్పుతో బిగిసింది, కదలదు. అత్త నూనె పిడత పట్టుకుని పక్కన కూర్చునేది. మావ చేతులు వేసి ఒత్తేవాడు, తీసేసేవాడు. మావ పోవడానికి వారం ముందు నేను సెలవుకి వెళ్లినప్పుడు చక్రం బొటనవేలంత కదిలింది. లోపల ఎక్కడో నూనె గుటక వేసిన చప్పుడైంది. మావ మెల్లగా చేతులు తీసి అన్నాడు. "ఇక రోజూ ఆడించాల. నాలుగు రోజులు వొదిలేసినామంటే ఉప్పు మల్లీ పట్టీసుకుంతాది. సిలిండరు గోడలు ఉప్పు తినీసి పల్సగైపోనాయి. ఈసారి పట్టీసిందంటే బద్దలు కొట్టడమే గానీ తియ్యడం నావల్ల కాదు."

ఇప్పుడు తెలిసిందా, నేను దారి పొడుగునా చక్రం గురించి ఎందుకు ఆలోచించానో.

మా ఊళ్లో ఇంటి పెద్ద పోతే పెద్దకర్మ దాకా ఆ ఇంటి పడవ నీళ్లలోకి దిగదు, మగవాళ్లు దాని మీద చెయ్యి వెయ్యరు. ఎండకి చెక్కలు విడిపోకుండా ఆ ఇంటి ఆడమనిషి మాత్రం తెల్లవారుజామున కడవతో నీళ్లు పోసి తడుపుతుంది. అడుగున ఇసుక పట్టకుండా ఒకసారి ఊపి వస్తుంది. మా తాత పోయినప్పుడు అమ్మమ్మ అలా చెయ్యడం నేను చూశాను. దహనం అయి వచ్చాక చూస్తే, మావ పాక గుమ్మానికి అడ్డంగా తెరచాప కొయ్య కట్టి ఉంది.

"అది ఇంజను తాతా, పడవ కాదు" అన్నాను ఊరిపెద్దతో.

"మీ మావే కదరా పడవన్నాడు. పసుపు రాసి, కాయ కొట్టి, గంగమ్మ ముందర అన్నాడు. ఆయన బూడిద సల్లారకముందే ఆయన మాట కాదంతావా?"

"తుప్పు పట్టీసుకుంతాది."

"మనిసే పోనాడు. తుప్పుతో నీకేటి పని?"

నేను ఊరుకోలేదు. మూఢాచారమన్నాను, చీకటన్నాను, పుస్తకాల్లోని మాటలన్నీ అన్నాను. వెనక ఎవరో, "పలాసలో బండెక్కినప్పుడు మనిసే, దిగేతలికి ఉపన్యాసం అయిపోతాడు" అన్నారు. చావింటి ముందు జనం నవ్వారు. గుంజకి వేలాడుతున్న సుత్తి లాగి కొయ్య మీదకి ఎత్తాను.

లోపలి నుంచి అత్త గొంతు వినిపించింది. "ఒరే, దించు. మీ మావ పాకకాడ సుత్తి ఎవులూ ఎత్తనేదు."

దించాను. ఆ పగలూ, మర్నాడు పగలూ ఆ గుమ్మం ఎదుట ఇసుకలో కూర్చున్నాను. సముద్రం మీంచి ఉప్పుగాలి తాటాకుల సందుల్లోంచి లోపలికి పోతూనే ఉంది. అరచేత్తో గాలిని ఆపలేను. నాకు తెలిసిన ఏ మాటా ఆ కొయ్యని కదపలేదు. బావని ఒడ్డున నిలబడి చూశాను. ఇప్పుడు దీన్నీ నిలబడి చూడాలి. చూడటం తప్ప చేతకాని జన్మ అయిపోయిందేమిటి మాది అనిపించింది. రోజులు లెక్కపెట్టడం భయమేసి మానేశాను.

ఆ తర్వాతి తెల్లవారుజామున అత్త ఇంట్లోంచి బయటికి వచ్చింది. చంకన కడవ. ఎవరి వైపూ చూడకుండా పాక గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడింది. ఊరిపెద్దా, ఇంకో ఇద్దరూ ఒడ్డు నుంచి వస్తూ ఆగారు.

"ఏటమ్మా ఇది?"

"పడవని తడపడానికొచ్చినాను."

"అది ఇనుము కదమ్మా. తడిపితే ఏటవుతాది?"

"పడవన్నారు కదేటి. పడవైతే తడపాల. తడిపి ఒకసారి ఊపాల. మావగోరు పోనప్పుడు మా అత్త తడిపింది, నువ్వే దారిచ్చినావు. ఇనుమంతావా, మరైతే కొయ్య తీసీ, మా అల్లుడు ఎల్తాడు. ఏదో ఒకటి సెప్పు."

ఊరిపెద్ద తనే వచ్చి కొయ్య ఒక కొస విప్పాడు. నేను లేవబోతే అత్త చెయ్యి అడ్డం పెట్టింది. "నువ్వు రాకు. మాట మాటే."

కడవలో నీళ్లు లేవు. కానుగ నూనె ఉంది. సిలిండరులోకి పోసింది, మావ పోసినట్టే, సన్నటి ధారగా. రెండు చేతులూ చక్రం మీద వేసింది. కదల్లేదు. ఒత్తి ఉంచింది, కదల్లేదు. తీసేసి, చేతులు చీర కొంగుకి తుడుచుకుని, మళ్లీ వేసింది. అప్పుడు నూనె గుటక వేసిన చప్పుడు వినిపించింది. చక్రం వేలంత ముందుకి వెళ్లింది. అత్త అది వద్దన్న చోట ఆగింది. చక్రం వెనక్కి వచ్చింది.

ఇంతే జరిగింది. ఇంతకంటే పెద్ద కబురు నేను మీకు చెప్పలేను. ఇప్పటికీ అది వేలంతే కదులుతోంది. ఆ తర్వాత ఏం చెయ్యాలో మావకి తెలుసు, మాకు తెలియదు. పలాస రైల్వేలో పనిచేసే ఫిట్టరుని అడిగితే, పాత ఇనుము వాళ్లకి ఇచ్చెయ్యమన్నాడు. అతనితో కూడా పోట్లాడి వచ్చాను. మా ఒడ్డున పడమటి గాలి మళ్లీ లేస్తుంది, తెప్పలు మళ్లీ వెళ్తున్నాయి.

నిన్న పెద్దకర్మ అయింది. ఆడవాళ్లు అత్తని కూర్చోబెట్టి పసుపూ కుంకుమా తీసేశారు. ఈ పొద్దు కొయ్య లేదు, ఇక నేను చెయ్యి వెయ్యొచ్చు. అయినా అత్తే ముందు వచ్చి చక్రం పట్టుకుంది. ఒత్తింది, ఆగింది, వదిలింది. చేతులు తీసి చూసుకుంది. పండగనాడు మావ రాసిన పసుపు ఇన్నాళ్లకి నూనెకి నాని ఊడి, ఆమె రెండు అరచేతులకీ అంటుకుంది. ఊళ్లో ఆడవాళ్లు గుమ్మంలో నిలబడి ఉన్నారు. కడుక్కోమని ఎవరూ అనలేదు. అత్త ఆ పచ్చటి చేతులు మళ్లీ చక్రం మీద వేసింది.