సాబ్ ఫోటో కింద మేమందరం

దుబాయ్‌లో నేను ఐదేళ్లు ఒక రష్యన్ వారపత్రికకు పేజీలు పెట్టాను. నాకు రష్యన్ ఒక్క ముక్క రాదు. ఈ మాట చెబితే ఇప్పటికీ ఎవరూ నమ్మరు. నమ్మకపోతే పోనీ, నాకేం నష్టం? కరీంనగర్‌లో ఒక తెలుగు పేపర్ జిల్లా ఎడిషన్‌లో పనిచేసి చేయి తిరిగినవాణ్ణి. కాలమ్ ఎక్కడ తెగాలో, ఫోటో ఎక్కడ నిలబడాలో నా కంటికి తెలుసు. మా ఎడిటర్ మాస్కో నుంచి వచ్చిన ఆవిడ. ఆవిణ్ణి మేడమ్ అనేవాళ్లం. ప్రతి హెడ్డింగు మీదా ఆవిడ ఒక నంబరు వేసి ఇచ్చేది. ఒకటో నంబరు పైన, రెండో నంబరు దాని కింద పెట్టుకుంటూ పోతే పేజీ తయారయ్యేది.

మా యజమాని సంగతి వేరు. ఆయన పూర్వాశ్రమంలో రష్యా గూఢచారి సంస్థలో ఆఫీసరు. అది వదిలేశాక బ్యాంకు పెట్టి కోటీశ్వరుడయ్యాడు. ఆ తర్వాత దుబాయ్ వచ్చి, ఇక్కడ చదవడానికి మంచి రష్యన్ పేపర్ దొరకడం లేదని చిరాకుపడి, ఏకంగా పేపర్నీ దాన్ని అచ్చువేసే ప్రెస్సునీ కొనేశాడు. నేను వేళాకోళానికి అనడం లేదు, ఆ కారణం ఆయనే చెప్పాడు.

గూఢచారి అంటే మేం నల్లకళ్లద్దాలు, బిగించిన దవడ ఊహించుకున్నాం. వచ్చిన మనిషిని చూస్తే బానపొట్ట, వదులు చొక్కా, చేతిలో ఖర్జూరాల పొట్లం. మా ప్రెస్సు అల్ ఖూజ్‌లో ఉండేది. మొదటి రోజు ఆయన మెషీన్ పక్కన నిలబడి అటూ ఇటూ చూస్తున్నాడు. మా ఫోర్‌మన్‌ది జగిత్యాల వైపు, మా అందరికీ పెద్దదిక్కు, అన్నా అనే పిలిచేవాళ్లం. ఆయన పక్కవాడితో హిందీలో, "ఎవరీ లావాటాయన, దారికి అడ్డంగా నిలబడ్డాడు?" అన్నాడు. ఆ లావాటాయన తాపీగా తిరిగి, ఢిల్లీ హిందీలో, "జరుగుతున్నా భాయ్, మెషీన్ మాత్రం నాదే," అన్నాడు.

ఏళ్ల క్రితం ఢిల్లీలో ఉద్యోగం చేశాడట. ఏం ఉద్యోగమని మేమెవరం అడగలేదు. ఆ రోజు నుంచి ఆయన మాకు సాబ్. ఆయన మీద ఏమైనా అనుకోవాలంటే తెలుగులోకి మారిపోయేవాళ్లం. అన్నకు దాని మీద కూడా నమ్మకం లేదు. "తెలుగు గూడ వస్తది ఆయనకు. వచ్చినా రానట్టు జేస్తడు. గదే కదరా వాళ్ల పని," అనేవాడు.

నిజానికి సాబ్ భలే మనిషి. తలుపు వైపు వీపు పెట్టి ఎప్పుడూ కూర్చునేవాడు కాదు, అదొక్కటే వింత. మాలో ఎవరిది ఏ ఊరో, ఎవరి పిల్లలు ఏ తరగతో అన్నీ గుర్తుంచుకునేవాడు. అడిగిన ప్రశ్నే పదిహేను రోజులాగి మళ్లీ అడిగేవాడు. మన జవాబు మారిందేమో చూస్తున్నాడని అన్న కనిపెట్టాడు. అందుకని మా పఠాన్, మెషీన్ నడిపే పెషావర్ మనిషి, తనకు ఎంతమంది పిల్లలని చెప్పాడో ఒక కాగితం మీద రాసుకుని జేబులో పెట్టుకున్నాడు.

సాబ్‌కు రెండు పట్టింపులు ఉండేవి. ఒకటి ప్రూఫు. ప్రతి మంగళవారం పేజీలన్నీ చదివి, మూల మీద ఆకుపచ్చ పెన్సిల్‌తో చిన్న గీత గీసేవాడు. గీత పడ్డాక ఆ పేజీలో కామా కదలకూడదు. రెండోది ఫోటో. ఆయన ఫోటో ఎవరి దగ్గరా లేదు, సొంత పేపర్లో సైతం ఒక్కసారీ పడలేదు. ఈద్ విందులో మేం ఫోన్లు పైకెత్తగానే ఆయన వంగి బూటు లేసు కట్టుకునేవాడు. లేసు లేని చెప్పులేసుకున్న రోజు కూడా వంగాడు.

ఇక నా గోల. అప్పటికి నేను వచ్చి రెండేళ్లయింది. వచ్చేటప్పుడు మా అమ్మాయికి మూడేళ్లు. ఫోన్‌లో వాళ్లమ్మ చెప్పిస్తే గాని నాతో మాట్లాడదు. బర్ దుబాయ్‌లో ఆరుగురం ఉండే గదిలో మంచం మీద పడుకుని, ఆ పిల్ల నా మొహం మరిచిపోతుందేమోనని బెంగపడేవాణ్ణి. భార్యనీ కూతుర్నీ తెచ్చుకోవాలంటే కంపెనీ ఇచ్చే జీతం సర్టిఫికెట్, చిన్న ఫ్లాటు ఇస్తున్నట్టు ఒక ఉత్తరం కావాలి. వేరే కంపెనీల్లో ముదీర్, అంటే మేనేజరు, సంతకం సరిపోతుంది. మా దగ్గర ప్రతి కాగితమూ సాబే చదివి సంతకం పెట్టాలి. ఆ మార్చి నెలలో నా కాగితాలు ఆయన టేబుల్ మీదకు చేరాయి. అవి బయటికొస్తే వేసవి లోపే నా వాళ్లు నా దగ్గరుంటారు. రాకపోతే ఇక్కడి బడిలో పిల్లకు దొరికిన సీటు పోతుంది, ఇంకో ఏడాది ఇదే బతుకు.

సరిగ్గా అప్పుడే నా బుద్ధి గడ్డి తిన్నది.

ఆఫీసు పని మీద, సర్కారు దరఖాస్తులు కొట్టిచ్చే టైపింగ్ సెంటర్‌కు వెళ్తే, కంపెనీ లైసెన్సు కాగితాల వెనక సాబ్ పాస్‌పోర్ట్ కాపీ కనిపించింది. పుట్టిన తేదీ చూశాను. ఆ గురువారానికి ఆయనకు అరవై నిండుతాయి. వచ్చి అన్న చెవిలో వేశాను.

"అరవై నిండుతున్నయా? అంటే షష్టిపూర్తి రా!" అన్నాడు అన్న, కళ్లు పెద్దవి చేసుకుని. "మన ఊళ్లె అయితే చౌరస్తల ఫ్లెక్సీ కట్టకపోదుమా?"

"ఈడ ఫ్లెక్సీ కడ్తే పోలీసోళ్లు మనల్ని కడ్తరన్నా."

"మరి మన చేతిల పేపర్ ఉన్నది గద."

ఇలాంటి పని మనవాళ్లకే తడుతుంది. పెద్దమనిషి పుట్టినరోజంటే పేజీ నిండా ఆయన బొమ్మ పడాలి. కింద వరసగా మన మొహాలు పడాలి. అది లేకపోతే అభిమానం ఉన్నట్టే కాదు. గూఢచారికి ఇది ఎలా ఉంటుందన్న ఆలోచన మా ఎవరి బుర్రకీ రాలేదు. చివరి పేజీలో వచ్చేది క్రాస్‌వర్డ్. బుధవారం పొద్దున, గీత పడ్డ ఆ పేజీని తీసేసి మా పేజీ పెట్టేశాం.

ఫోటో పఠాన్ ఇచ్చాడు. ఒకసారి నేను మిర్చిబజ్జీలు తెస్తే సాబ్ ఒకటి నమిలి, కళ్లలో నీళ్లు కారుతుంటే పడీపడీ నవ్వాడు. ఆ క్షణంలో పఠాన్ చాటుగా నొక్కేశాడట. మొహం వరకే కత్తిరించి, ఒక సూట్ల షాపు ప్రకటనలోని మొండేనికి అతికించాను. వెనక ఉదయిస్తున్న సూర్యుడు, అటొకటి ఇటొకటి పావురాలు. రష్యన్ శుభాకాంక్షలు కేకు బొమ్మ ఉన్న పాత ప్రకటన ఒకదాంట్లోంచి తీసుకున్నాను. దాని కింద తెలుగులో, 'మా సాబ్‌కు షష్టిపూర్తి శుభాకాంక్షలు' అని కొట్టాను. ఆ పత్రికలో నేను చదవగలిగిన మొట్టమొదటి వాక్యం అదే. ఎంత మురిసిపోయానో చెప్పలేను.

కింద గుండ్రటి గడుల్లో మా ప్రెస్సు వాళ్ల మొహాలు. సీనియర్ కాబట్టి మొదటి గడి తనకే కావాలని పఠాన్ అలిగాడు, ఇచ్చాం. ప్రెస్సులో మేం పన్నెండుమందిమి. పేజీ మీద పదకొండు మొహాలే పెట్టాను. నాది పెట్టలేదు. అన్న అడిగితే, "స్థలం లేదన్నా," అన్నాను.

స్థలానికేం, కావలసినంత ఉంది.

పది గంటలకు అచ్చు మొదలైంది. పదకొండున్నరకు మేడమ్ వచ్చి కట్ట మీది కాపీ తిప్పింది. ముందు నోట మాట రాలేదు. తర్వాత వచ్చింది, ఇంగ్లీషులో, రష్యన్‌లో, ఇంకే భాషలోనో కూడా. "నా క్రాస్‌వర్డ్ ఏదీ?" అంది. "ఆయన మొహం! మీకు పిచ్చా? ఆయన మొహం!" అంది. కాపీలన్నీ తుక్కులో వేయమని, ఒక్కటి కూడా గేటు దాటకూడదని చెప్పి సాబ్‌కు ఫోన్ చేసింది.

"ఖలాస్," అన్నాడు పఠాన్, టోపీ తీసి తల తుడుచుకుంటూ.

మెషీన్ ఆగిపోయింది. నా టేబుల్ దగ్గర కూర్చుని నేను ఒకటే అనుకున్నాను: ఆ కాగితాలు నిన్ననే సంతకమై ఉంటే ఎంత బాగుండును. మిగతా పదకొండుమంది ఏమైపోతారన్నది తట్టనే లేదు. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, కాని నిజం అదే.

సాబ్ వచ్చేసరికి మధ్యాహ్నం అజాన్ వినిపిస్తోంది. కాపీ తీసుకుని, గోడకు వీపు ఆనించి నిలబడి చూశాడు.

"ఈ ఒళ్లు నాది కాదు," అన్నాడు చివరికి. "ఇంత సన్నటి నడుము నాకు ఇరవయ్యేళ్లప్పుడూ లేదు. మా పాత ఆఫీసులోనూ ఇలాంటి బొమ్మలు తయారుచేసేవాళ్లు. మెడ దగ్గర అతుకు తెలిసిపోయేది. ఇందులో తెలియడం లేదు."

మేడమ్ ఏదో అనబోతే చెయ్యెత్తి ఆపాడు. వేలితో కింది వరస చూపించి, "వీళ్లెందుకున్నారు ఇక్కడ?" అని అడిగాడు.

అన్న ముందుకొచ్చి, వచ్చీరాని హిందీలో చెప్పాడు. "మా దిక్కు గిదే రివాజు సాబ్. పెద్దమనిషి పుట్టినరోజుకు, మేమంత ఆయన మనుషులమని చెప్పి మొహాలు ఏసుకుంటం."

"ఎవరూ బలవంతం చేయకుండానే?"

"బలవంతమా? మొదటి గడి కోసం కొట్టుకున్నరు సాబ్."

సాబ్ ఒక్కొక్క మొహం మీదా వేలు పెట్టి లెక్కపెట్టాడు. "పదకొండు," అన్నాడు. తలెత్తి మా అందరినీ ఒకసారి చూసి, నా దగ్గర ఆగాడు. "ప్రెస్సులో ఉన్నది పన్నెండుమంది. ఇందులో లేనివాడెవడో, ఇది చేసింది వాడే. నువ్వెందుకు లేవు?"

అబద్ధం చెబితే పదిహేను రోజులాగి మళ్లీ అడుగుతాడు. అందుకని కాదు గాని, అబద్ధమాడే ఓపిక కూడా పోయింది. "భయపడ్డాను సాబ్," అన్నాను. "నా భార్యాబిడ్డల కాగితాలు మీ టేబుల్ మీద ఉన్నాయి. ఏదైనా తేడా వస్తే నా మొహం ఇందులో ఉండకూడదనుకున్నాను."

"స్థలం లేదంటివి గదరా?" అన్నాడు అన్న, మెల్లగా, తెలుగులో. తిట్టినా బాగుండేది. తలకాయ ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

సాబ్‌కు కోపం రాలేదు. పక్కనున్న పేపర్ కట్ట మీద బరువుగా కూర్చున్నాడు. తలుపు వైపు వీపు పెట్టాడని కూడా గమనించుకోలేదు.

"ఫోటో తీసేవాడు ఫోటోలో ఉండడు. మా పనిలో మొదటి పాఠం అది," అన్నాడు. "నేను బాగా నేర్చుకున్నాను. ఇంటికి కూడా తీసుకెళ్లాను. మా అమ్మాయి చిన్నప్పటి ఆల్బమ్‌లో వాళ్లమ్మ ఉంది, అమ్మమ్మ ఉంది, కుక్క ఉంది. నేను ఒక్క దాంట్లో లేను. మొన్న అడిగింది, అప్పుడు నువ్వు ఇంట్లో ఉండేవాడివి కాదా నాన్నా అని. ఉన్నాను. ప్రతి పుట్టినరోజుకీ ఉన్నాను. కాని చూపించమంటే చూపించడానికి ఏమీ లేదు." నా వైపు తిరిగి, "మీ అమ్మాయికి ఐదేళ్లు కదా?" అన్నాడు.

"అవును సాబ్."

"అయితే నీ మొహం కూడా పెట్టి మళ్లీ అచ్చువెయ్యి. తర్వాత కాగితాల సంగతి చూద్దాం."

మేడమ్ ఆగలేకపోయింది. "మరి ఇది బయటికి పంపాలా?"

"దాచుకోవడానికైతే పేపరెందుకు?" అన్నాడు సాబ్. "క్రాస్‌వర్డులు వచ్చే వారం రెండు వెయ్యండి." నా వైపు తిరిగి, "గీత పడ్డ పేజీని ఇంకోసారి ముట్టుకున్నావంటే మాత్రం, నిన్ను నేనే విమానం ఎక్కిస్తాను," అన్నాడు. ఆ మాట నవ్వుతూ అనలేదు.

వీసా కోసం తీయించుకున్న ఫోటో జేబులోనే ఉంది. స్కాన్ చేసి వరస చివర పెట్టాను. పఠాన్ కొత్త ప్లేటు ఎక్కించాడు. అన్న నా వీపు మీద ఒక్కటి చరిచాడు, అది ఆశీర్వాదమో శిక్షో ఇప్పటికీ తెలియదు. మెషీన్ కదలగానే అందరం ఈల వేశాం, కేకలు పెట్టాం. మేడమ్ కూడా నవ్వింది, క్రాస్‌వర్డ్ పోయిన బాధ దిగమింగి.

సాబ్ సిరా తడి ఆరకముందే మొదటి కాపీ తీసుకున్నాడు. తన మొహం వైపు చూడనేలేదు. కింది వరసలో ఒక్కొక్కరి మీదా వేలు జరుపుతూ ఊరి పేర్లు చెప్పుకుంటూ పోయాడు. నా దగ్గరికి వచ్చి తలాడించి, టేబుల్ మీది నా ఫైలు తెప్పించి, కట్ట మీదే పెట్టుకుని రెండు సంతకాలు చేశాడు. తర్వాత మేం కట్టలు కడుతుంటే పక్కకొచ్చి, ఎవరూ వినకూడదన్నట్టు అడిగాడు.

"ఇంకో కాపీ ఇస్తావా? మా అమ్మాయికి పంపాలి."

మడత పడకుండా చూసి రెండు ఇచ్చాను.

బయట ఎండ మండిపోతోంది. షెడ్డు నీడలో నిలబడి ఇంటికి ఫోన్ చేశాను. "ఇగో, ఏమైంది? పని యాళల ఫోన్ జేసినవేంది?" అని మా ఆవిడ కంగారుపడింది. "సంచులు సర్దుకో," అన్నాను. ఆమె గట్టిగా అరిచింది, ఫోన్ ఎక్కడో పడింది, ఎవరో తీశారు. ఈసారి వాళ్లమ్మ చెప్పించకుండానే చిన్న గొంతు పలికింది.

"డాడీ, ఏర్‌పోర్ట్‌ల మస్తుమంది ఉంటరట. నువ్వు ఏడుంటవ్?"

"ముందల్నే ఉంటా బిడ్డా," అన్నాను. "అందరికంటే ముందల, నీకు మంచిగ కనవడేటట్టు."