బరకం రేటూ, మూర్తిగారి అభిప్రాయమూ

నారాయణమూర్తిగారి చదువు ఇంటరు మొదటి సంవత్సరంలో ఆగిపోయింది గాని చదివే అలవాటు ఆగలేదు. అమలాపురం నుంచి ఓడలరేవు వెళ్లే దారిలో ఒక ఊళ్లో ఆయనది కిరాణా కొట్టు. పొట్లాలు కట్టడానికి కొన్న పాత పేపర్లు కూడా ముందు చదివి ఆ తర్వాతే చింపేవారు. మధ్యాహ్నం రెండు దాటాక బేరాలు పల్చబడతాయి. ఆ వేళలో బల్ల మీద శాఖా గ్రంథాలయం పుస్తకం ఏదో ఒకటి తెరిచి ఉండేది.

2006లో ఆ గ్రంథాలయానికి ‘సంత చెప్పిన శాస్త్రం’ అనే పుస్తకం వచ్చింది. మనం రోజూ కొనే, అమ్మే సరుకుల వెనకున్న ఆర్థికశాస్త్రాన్ని ఒక లెక్చరరు కబుర్లలా చెప్పిన పుస్తకం అది. ఉల్లిపాయ ఒక నెల కొనేవాణ్ణి, ఇంకో నెల పండించినవాణ్ణి ఎందుకు ఏడిపిస్తుంది, బస్టాండులో టీ ఎందుకు ప్రియం, ఇలాంటివన్నీ అందులో ఉన్నాయి. ఆర్థికశాస్త్రం పేరు చెబితే పారిపోయేవాళ్లు కూడా చదివారు. రెండు కాపీలు తెప్పిస్తే రెండూ ఎప్పుడూ ఎవరో ఒకరి ఇంట్లోనే. మూర్తిగారి వంతు వచ్చేసరికి సెప్టెంబరు అయింది.

మూడో అధ్యాయం తుఫానుల గురించి. తుఫాను తర్వాత ధర పెంచిన వ్యాపారి దుర్మార్గుడు కాదన్నాడు రచయిత. ఆ ఎక్కువ ధరే దూరాన ఉన్న సరుకుని ఊళ్లోకి రప్పిస్తుందట. ధర పెరగకపోతే ముందు వచ్చినవాడు నాలుగు కొని దాచుకుంటాడు, వెనక వచ్చినవాడికి ఒకటీ మిగలదట.

మూర్తిగారు ఆ పేజీలు మళ్లీ మళ్లీ చదివారు. తర్వాత లోపలికి వెళ్లి, చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న భార్య కాంతమ్మకి చదివి వినిపించారు.

"బాగానే రాసేరు," అంది కాంతమ్మ. "ఆయనకి కొట్టు ఏ ఊళ్లో ఉందో రాసేరా?"

ఆవిడకి తెలుసు, ఆయన ఎందుకు చదివి వినిపించారో.

తొంభై ఆరు నవంబరు తుఫాను వెళ్లిన మర్నాడు ఊళ్లో కప్పు మిగిలిన పాక లేదు. కొబ్బరిచెట్లు రోడ్లకి అడ్డంగా పడి బస్సులు ఆగిపోయాయి. ఇళ్ల మీద కప్పుకోవడానికి జనం ప్లాస్టిక్ బరకాల కోసం వచ్చారు. కొట్లో ఉన్నవి ఆరే. అవి అయిపోయాక మూర్తిగారు సైకిలు తీశారు. చెట్టు అడ్డం వచ్చినచోటల్లా సైకిలు భుజానికెత్తుకుని ముక్తేశ్వరం రేవు చేరారు. గోదావరి ఇంకా పోటు మీద ఉంది. ఒకే ఒక పడవవాడు ఒప్పుకుంటే కోటిపల్లి దాటి రామచంద్రపురం వెళ్లారు. అక్కడా రేటు పెరిగే ఉంది. రెండు కట్టలు కొని, మూడో రోజుకి మోకాలు చీరుకుపోయి ఊళ్లో పడ్డారు.

మామూలు రోజుల్లో డెబ్బై ఐదు రూపాయల బరకం ఆ రోజు రెండు వందలకి అమ్మారు.

జనం తోసుకుంటున్నారు. పేటలో ఉండే సువార్తమ్మ కూడా వచ్చింది. కొబ్బరిపీచు పనికి వెళ్లే మనిషి. భర్త పేతురు కూలిపని చేసేవాడు. తొమ్మిదో తరగతి చదివే కూతురు నిర్మల. వాళ్ల పాక కప్పు మొత్తం ఎగిరిపోయింది. ఆమె ఒక బరకం తీసి, అంచు విప్పి చూసి, రేటు అడిగింది. విన్నాక కాసేపు నిలబడింది. తర్వాత దాన్ని మడతలు తప్పకుండా మడిచి, కట్ట మీద పెట్టి వెళ్లిపోయింది. ఆ కుటుంబం పదకొండు రోజులు స్కూలు వరండాలో ఉంది. ఎవరికీ ఏ ప్రమాదమూ జరగలేదు. కాని ఆ రోజు తర్వాత సువార్తమ్మ మూర్తిగారి కొట్టు మెట్టెక్కలేదు. ఉప్పు కావలసినా పక్క ఊరు నడిచి వెళ్లేది. కొట్టు ముందు నుంచే వెళ్లేది.

పదేళ్లుగా మూర్తిగారికి గుచ్చుకుంటున్నది ఇదే. సరుకు కోసం పడ్డ పాట్లు లెక్కేసుకుని రెండు వందలు న్యాయమే అనుకున్న రోజులున్నాయి, నూరో నూట పాతికో అనవలసింది అనుకున్న రోజులూ ఉన్నాయి. ఇన్నాళ్లకి ఒక చదువుకున్న మనిషి, అసలు తప్పే లేదని అచ్చులో చెప్పాడు.

నవంబరులో గ్రంథాలయ వారోత్సవాలు వచ్చాయి. లైబ్రేరియన్ గాయత్రి ఆ పుస్తకం మీద పాఠకుల అభిప్రాయ సభ పెట్టింది. మూర్తిగారిని కూడా మాట్లాడమంది. ఆయన ఒక కాగితం నిండా రాసుకుని వెళ్లారు.

ముప్పై మంది దాకా వచ్చారు. భాష సులువుగా ఉందని ఒక ప్లీడరుగారు అన్నారు. అక్షరాలు మరీ చిన్నవని ఒక పెద్దాయన అన్నారు. కొబ్బరి వ్యాపారి పోలిరాజుగారు లేచి, "కొబ్బరి గురించి ఒక్క ముక్క లేదండి. ఇదేం ఆర్థికశాస్త్రమండి?" అని కూర్చున్నారు. అందరూ నవ్వారు.

తర్వాత లేచింది సువార్తమ్మ కూతురు నిర్మల. హైస్కూల్లో సోషల్ టీచరు ఇప్పుడు. ఆమె వస్తుందని మూర్తిగారు అనుకోలేదు.

"మూడో అధ్యాయం అన్యాయంగా ఉందని మా స్టాఫ్ రూములో చాలామంది అన్నారండి," అంది. "నాకు మాత్రం సరిగ్గానే ఉందనిపించింది. మా ఊళ్లో నేను చూసేను. మొదటి రోజు పాత రేటుకి ఆరు బరకాలుంటే రెండిళ్లవాళ్లే పట్టుకుపోయేరు. రేటు పెరిగేక ఎవరికి కావలసింది వాళ్లు ఒక్కొక్కటి కొన్నారు. చాలా ఇళ్లకి కప్పు పడింది. మాకు పడలేదు. కాని లెక్క తప్పు కాదండి."

మూర్తిగారి వంతు వచ్చింది. కోరుకున్న మాట కోరుకున్న ఇంటి నుంచే వచ్చింది. అయినా లేచి నిలబడ్డాక, రాసుకొచ్చిన కాగితం మడిచి జేబులో పెట్టేశారు.

"ఆ బరకాలు అమ్మింది నేనేనండి," అన్నారు. "టీచరుగారు చెప్పింది నిజమే. రేటు రాదనుకుంటే ఆ పోటులో పడవ ఎక్కేవాణ్ణి కాదు. పుస్తకం తప్పు చెప్పలేదు. కాని తుఫాను మూడు రోజులు. ఆ తర్వాత అమ్మినవాడూ కొన్నవాడూ అదే ఊళ్లో ఉంటారు కదండీ. ఆ సంగతికి ఇంకో అధ్యాయం ఉంటుందేమోనని చివరిదాకా వెతికేను. లేదండి. అదే నా అభిప్రాయం."

సభ అయ్యాక మెట్ల దగ్గర నిర్మల ఆగింది.

"మా అమ్మ మీ కొట్టు మానేసింది రేటు వల్ల కాదండి."

"మరి?"

"తననే అడగండి. నేను చెబితే బాగోదు."

ఆ ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక మూర్తిగారు పేటకి వెళ్లారు. పాక పోయి డాబా వచ్చింది. పేతురు కుర్చీ వేశాడు. సువార్తమ్మ టీ తెచ్చి ఇచ్చింది.

"సువార్తమ్మా, ఆ రోజు నేను రెండొందలు అనకుండా ఉండవలసింది," అన్నారు మూర్తిగారు.

"రేటుకేముందండి. మీరెంత కష్టపడి తెచ్చేరో మోకాలు చూస్తేనే తెలిసింది. మా దగ్గర లేవు, కొనలేదు."

"మరెందుకు రావడం మానేసేవు?"

ఆమె పేతురు వంక చూసింది. అతను తల దించుకున్నాడు.

"అంతకుముందు నన్ను చెల్లెమ్మా అనేవారండి మీరు. ఆ రోజు నేను బరకం పట్టుకుని ఆలోచిస్తుంటే, ‘కొంటే కొను, లేకపోతే పక్కకి జరుగు, వెనకాల జనం ఉన్నారు’ అన్నారు. నా మొహం కూడా చూళ్లేదు. అలాగేనని జరిగేను."

మూర్తిగారికి ఆ మాట అన్న జ్ఞాపకమే లేదు. ఎంత తవ్వినా దొరకలేదు. ధర జ్ఞాపకం ఉంది, ఆమె మడత పెట్టిన తీరు జ్ఞాపకం ఉంది, వాన చప్పుడు కూడా జ్ఞాపకం ఉంది. పదేళ్లు తను మోసిన తప్పు ఒకటి, చేసింది ఇంకొకటి.

"అన్నానా?" అన్నారు చివరికి.

"ఆయ్, అన్నారండి."

"తప్పయిపోయింది, చెల్లెమ్మా."

ఆమె తల ఊపింది. టీ చల్లారిపోతోంది తాగమంది. కాసేపు నిర్మల ఉద్యోగం గురించీ, కాంతమ్మ మోకాళ్ల నొప్పుల గురించీ మాట్లాడుకున్నారు. బయల్దేరుతూ, "ఇక మన కొట్టుకే రావచ్చుగా," అన్నారు మూర్తిగారు.

"పిండివంటలవీ ఉన్నప్పుడు వస్తానండి," అంది సువార్తమ్మ. "నెలసరుకులు మాత్రం ఆ పక్కూరి కొట్లోనే. పదేళ్లు ఇచ్చేడాయన. నాకేం తప్పు చేసేడని వదిలెయ్యమంటారు?"

మూర్తిగారు ఆ జవాబుకి నవ్వారు. న్యాయంగానే తోచింది. దారిలో గ్రంథాలయం తలుపు తెరిచి ఉంటే లోపలికి వెళ్లారు. గాయత్రి అభిప్రాయాల రిజిస్టరు ముందుకి జరిపి, సభలో చెప్పిందే రాయమంది.

"అది సగమేనమ్మా," అన్నారాయన. పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చుని, పుస్తకం అందరూ చదవదగ్గదనీ, వ్యాపారం చేసేవాళ్లు తప్పక చదవాలనీ రెండు వాక్యాలు రాశారు. పేటలో విన్న మిగతా సగం ఎలా రాయాలో తెలియలేదు. ఆ పేజీలో కింద కొంచెం చోటు వదలమని గాయత్రిని అడిగి, కొట్టు తెరిచే వేళయిందని లేచారు.